కొండ కింది ఊరికి చిత్రకారులను పిలవాలంటే ముందు చేయవలసిన పని ఏమిటి?

ఎర్రమలల నీడ:

పెద్దలకు నమస్కారం. మాది జమ్మలమడుగుకు పడమటి దిక్కున, ఎర్రమలల అంచున ఉన్న చిన్న ఊరు. రెండు వందల గడపకు మించదు. ఊరి వెనుక గుట్ట, గుట్ట కింద కుంట, కుంటకు ఆనుకొని భజన గుడి, ఆపైన చెనక్కాయ చేలు, శనగ చేలు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను గానీ నెలకొకసారి అమ్మను చూడటానికి వస్తూనే ఉంటాను. మా తాతగారి మట్టి మిద్దె పదేళ్ళుగా తాళం వేసి ఉంది. దానిని బాగుచేయించి, సంక్రాంతి వెళ్ళాక పది రోజులపాటు ఎనిమిది మంది చిత్రకారులనూ రచయితలనూ పిలిచి, వారు గుట్టను చూస్తూ, ఊళ్ళో తిరుగుతూ బొమ్మలు వేసుకొనేటట్టు, రాసుకొనేటట్టు ఏర్పాటు చేయాలని నాకూ, నాతో పనిచేసే ఇద్దరు మిత్రులకూ కోరిక. చివరి రోజున భజన గుడి ముందు వాటిని ఊరివారికి చూపించాలని కూడా అనుకున్నాము.

ఈ మాట ఊళ్ళో చెప్పినప్పుడు నేను ఎదురుచూసిన సంతోషం ఎవరి ముఖంలోనూ కనిపించలేదు. కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఒక సంస్థవారు ఇలాగే వచ్చి, బడి పిల్లల చేత రంగులు వేయిస్తామని చెప్పి, ఊరి మొదట్లో ఉన్న పెద్ద రాతిగుండు మీద ఎనామిల్ రంగులతో ఒక నెమలిని, ఒక సూర్యుణ్ణి వేసి, ఫోటోలు తీసుకొని సాయంత్రానికి వెళ్ళిపోయారు. జాతరనాడు ఆడవాళ్ళు ఆ గుండుకు పసుపు పూసి, గంగమ్మకు వండిన దానిలో మొదటి ముద్ద అక్కడ పెడతారన్న సంగతి వారు అడగలేదు, మేమూ చెప్పలేదు. మరుసటి వారం పిల్లలు మిగిలిన డబ్బాలు తీసుకుపోయి గుట్ట మీది గవిలో, అంటే గుహలో, తమ పేర్లు రాశారు. ఇప్పుడు నేను నోరు తెరవగానే మా పెద్దమ్మ "మళ్ళీ రంగులోళ్ళా నాయనా?" అని అడిగింది. ఆ తరువాత రెండు రోజులు నేను ఆ ప్రస్తావనే తేలేదు.

ఊరివారు చూసేవారుగానో, చూడబడేవారుగానో మిగిలిపోకుండా ఈ పనిలో తమ పాలు తీసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గుట్టకు ఏ హానీ జరగకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? గుండు మీది రంగును ఎలా తీయాలి? ఇలాంటి పని దగ్గర నుండి చూసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

చెరువుకట్ట:

అయ్యా, మాది పోరుమామిళ్ళ. మీ ప్రశ్నకు మా చెరువు కథతో జవాబు చెబుతాను. దారి తప్పానని అనుకోకుండా కొంచెం ఓపిక పట్టండి.

మా చెరువును బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని ఏలిన భాస్కరుడు కట్టించాడు. ఆయనకు భవదూరుడని ఇంకొక పేరు. 1369 నాటి శాసనం భైరవుడి గుడి ముందు రెండు బండల మీద సంస్కృత శ్లోకాలలో ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క చెప్పారు. అంతటితో ఊరుకోకుండా, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వరుసగా చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీళ్ళు పారే ఏరు, ఆ ఏరు దూరి వచ్చే కొండల సందు, నిడుపాటి రాళ్ళు దొరికే చోటు, కట్టుబడి తెలిసిన జనం, ఇవన్నీ అంగాలే. కొండ ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ తప్పించుకొని పోతున్నదో కళ్ళతో కొలిచి, ఆ సందును మాత్రమే కట్టతో మూసి, మిగిలిన గట్టు పనంతా కొండల చేతనే చేయించిన వాళ్ళు వాళ్ళు. నా లెక్కలో మన సీమలో మనుషులు గీసిన అన్నిటికంటే పెద్ద గీత చెరువు కట్టే.

ఇక దోషాలు. అందులో ఒకటి, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం. మీ కార్యక్రమానికి ఈ దోషం తగిలే ప్రమాదం కనిపిస్తున్నది. అది మీ ఊరిదీ కాకుండా, బెంగళూరు స్నేహితులదీ కాకుండా నడిమధ్య పడితే, రేపు కట్ట తెగినప్పుడు మట్టి వేయడానికి ఎవరూ రారు. ఇంకొక రెండు దోషాలు జంటగా చెప్పారు: నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. రెండు వందల గడపకు ఎనిమిది మంది అతిథులు సరిపోతారు. ముప్పై మందిని పిలిచారంటే మీ ఊరు మునుగుతుంది.

అందుచేత నా సలహా ఒక్కటే. బొమ్మలతో మొదలుపెట్టవద్దు, ఊరి పనితో మొదలుపెట్టండి. ఒకప్పుడు వానలకు ముందు ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కట్ట మీద కంప కొట్టేవారు, కాలువలో పూడు తీసేవారు, తూము చూసేవారు. నీరుగంటి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చెబితే ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదు. చెరువు నిండి మరవ (అలుగు) పారిన నాడు ఊరంతా కట్ట మీదికి వచ్చి టెంకాయ కొట్టేవారు, ఆ రాత్రి చెక్కభజన జరిగేది. పని లేనినాడు ఆ భజన కూడా లేదు. మీ కుంటలో పూడు తీయడమో, భజన గుడి పైకప్పు బాగుచేయడమో పెట్టుకొని, చిత్రకారులను ముందుగా ఆ పనికి పిలవండి. తట్ట మోసిన మనిషి చేతికి కుంచె ఇచ్చినా, కుంచె పట్టే మనిషి నెత్తిన తట్ట పెట్టినా ఊరు వేరుగా చూస్తుంది.

గుండ్లదారి:

పై మిత్రులు చెప్పినది బాగున్నది. నేను గవి గురించి, గుండు గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోలేము.

పిల్లలు పేర్లు రాసిన గవి గోడలను ఉదయం ఏటవాలు ఎండ పడినప్పుడు ఒకసారి నిదానంగా చూడండి. మన మూడు జిల్లాల గుట్టల్లో పాతకాలపు బొమ్మలు అరుదు కాదు. మీకు దూరం కాని ముద్దనూరు వైపు చింతకుంటలో, కర్నూలు పక్కన ఓర్వకల్లు దగ్గరి కేతవరంలో, అనంతపురం జిల్లాలో ఉరవకొండ వైపు వేల్పుమడుగులో ఉన్నవి అందరికీ తెలిసినవే. ఎర్రమన్ను వంటి రంగుతో వేసిన మూపురపు ఎద్దులు, జింకలు, మనుషులు ఒక కాలానివి. తెల్ల రంగుతో వేసినవి చాలా చోట్ల వాటి తరువాతివి. తెలియని కంటికి అవి రాతి మీది తుప్పు మరకల్లాగే ఉంటాయి. మీ గవిలో అలాంటి మరక ఒక్కటి ఉన్నా, చిత్రకారులకు చూపించడానికి ముందు రాష్ట్ర పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరం రాయండి.

బొమ్మ తేటగా కనబడాలని కొందరు నీళ్ళు చల్లుతారు. చల్లినప్పుడు నిజంగానే ఎర్రగా పైకి తేలుతుంది, చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ తడి ఆరేటప్పుడు రాతి లోపలి ఉప్పు పైకి వచ్చి తెల్లని పొరగా గట్టిపడుతుంది, ఏటేటా చల్లితే ఆ పొర కింద బొమ్మ మాయమవుతుంది. చాక్‌పీసుతో అంచులు దిద్దడం, గవిలో పొయ్యి పెట్టడం, కొవ్వొత్తి వెలిగించడం ఇంకా చెరుపు చేస్తాయి.

ఎనామిల్ రంగు విషయంలో మీరు ఏమీ చేయకపోవడమే ఈ రోజుకు మంచిది. తిన్నర్ పోసి తుడిస్తే కరిగిన రంగు రాతి సందుల్లోకి దిగి మరింత వెడల్పుగా అంటుకుంటుంది. ఇనుప బ్రష్షుతో గీకితే రంగుతో పాటు రాతి పైచర్మం కూడా పోతుంది. గవిలోని పేర్లను అసలు ముట్టుకోవద్దు, వాటి కింద ఏముందో మీకు తెలియదు.

ఇంకొక మాట. గుట్ట చరియకు తేనెతుట్టెలు వేలాడుతున్నాయేమో ముందే చూసుకోండి. కొండ తేనెటీగలకు పొగ తగిలినా, పెర్‌ఫ్యూమ్ పూసుకున్న మనిషి కింద నిలబడి కేకలు వేసినా దండుగా లేస్తాయి. రాత్రి మంట చుట్టూ కూర్చొని పాడుకొనే సరదా నగరంనుండి వచ్చేవారికి తప్పకుండా ఉంటుంది. ఆ మంట ఊళ్ళో వేయండి, గుట్ట కింద వేయవద్దు.

ఎర్రమలల నీడ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా భజన గుడి కూడా మట్టి మిద్దెయే. గవాచి (మిద్దె మీది వెలుతురు కంత) పక్కన రెండు చోట్ల కారుతున్నది, లోపలి పటాలను గోనెపట్టతో కప్పి పెట్టారు. సిమెంటు వేయిస్తామని ప్రతి ఎన్నికలకూ మాట వస్తుంది, ఆ తరువాత పోతుంది. చెరువుకట్టగారు చెప్పిన పని మాకు ఇదేనని అనిపించింది. ఇంటికొక మనిషి అంటే వస్తారని మా పెదనాన్న అన్నారు. చివరి రాత్రికి ఉరుము వాద్యం వాయించి ఆడే ఉరుముల వారిని, తోలుబొమ్మల వారిని కూడా పిలవాలని మిత్రులు అంటున్నారు. వారికి భోజనం, దారిఖర్చు ఇస్తే సరిపోతుందా?

ఆముదపు దీపం:

సరిపోదు. నేను ధర్మవరంలో ఉంటాను, నిమ్మలకుంట మాకు దగ్గర, బొమ్మలు చేసేవారి ఇళ్ళకు చిన్నప్పటి నుండి రాకపోకలు ఉన్నాయి గనుక మొగమాటం లేకుండా రాస్తున్నాను.

ఒక బొమ్మ ఎలా పుడుతుందో చూడండి. మేకతోలును వేడినీళ్ళలో వేసి, వెంట్రుక వదిలేదాకా గీకి, సాగదీసి ఆరబెడతారు. ఆరిన తోలు వెలుతురుకు పట్టి చూస్తే తేనె రంగులో, చేతి నీడ అవతలికి కనిపించేంత పలుచగా ఉంటుంది. దాని మీద గీత గీసి, తరువాత ఉలితో ఒక్కొక్క చుక్క కొడతారు. ఒకనాడు నేను వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ సీతమ్మ చీర అంచు కొడుతున్నారు. అర్ధచంద్రంలాంటి చిన్న ఉలి, కింద చెక్కదిమ్మె. ఒక దెబ్బ వేయడం, బొటనవేలితో తోలు పొట్టు తుడవడం, మళ్ళీ దెబ్బ. నేను టీ తాగి, ఊరి సంగతులన్నీ మాట్లాడి లేచేసరికి జానెడు అంచు పూర్తయింది. ఆ రంధ్రాలలోంచి దీపపు వెలుతురు వచ్చినప్పుడే తెర మీద నగ మెరుస్తుంది. చేతులు, నడుము, కాళ్ళు వేరువేరుగా కోసి దారంతో కూర్చుతారు. కొన్ని బొమ్మలు మనిషి ఎత్తున ఉంటాయి. ఇంత పనితనానికి 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. అయినా ఆ ఊరి చాలా ఇళ్ళకు ఇప్పుడు కూడు పెడుతున్నది దీపాల మీద వేసే తోలు గొడుగులు, గోడకు తగిలించే అలంకారాలు, ఆట కాదు. వారిని రాత్రంతా ఆడించి భోజనం పెట్టి పంపుతామంటే, అది మర్యాద అనిపించుకోదు. ఎంత ఇస్తారో ముందే చెప్పండి, బయానా ఇవ్వండి, మిగిలింది తెర దించిన వెంటనే ఇవ్వండి.

చెరువుకట్టగారూ, మీ మాటలో ఒకదానితో నేను ఏకీభవించలేను. ఇంటికొక మనిషి అనే ఏర్పాటు వినడానికి అందంగా ఉంటుంది. ఆ ఇంటికొక మనిషిలో కట్ట మీద తాంబూలం పట్టుకొని నిలబడినవారెవరు, బురదలో దిగినవారెవరు అన్నది కూడా చెప్పుకోవాలి. మా జిల్లా ఉరుముల ఆటనే తీసుకోండి. రెండు వైపులా చర్మం బిగించిన ఆ వాద్యం మోగితే మబ్బు ఉరిమినట్టే ఉంటుంది, పేరు కూడా అందుకే వచ్చింది. గంగమ్మ కొలుపు వారు లేనిదే జరగదు. ఆ వాద్యాన్ని తరతరాలుగా మోసినది దళిత కుటుంబాలవారు. దేవత ముందు వారిని ఆడించిన ఊళ్ళే, ఆట అయిపోయాక వారికి నీళ్ళు ఎత్తి పోసేవి. నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా అమ్మమ్మగారి ఊళ్ళో కళ్ళారా చూశాను.

అందుకని మీరు భజన గుడి పని పెట్టుకుంటే, ఆ గుడి మెట్టు ఇంతకాలం ఎక్కనివారు ఆ రోజు మిద్దె మీదికి ఎక్కుతారా లేదా అన్నది ముందు తేల్చుకోండి. కూలికి వచ్చేవారికి కూలి ఇవ్వండి, ఇష్టంతో వచ్చేవారికి నమస్కారం పెట్టండి, అందరికీ ఒకే పంక్తిలో సంగటి పెట్టండి. ఉరుముల వారు చివరి రాత్రి వచ్చి ఆడి వెళ్ళిపోయేవారుగా కాకుండా, పది రోజులూ మీ చిత్రకారులతో సమానంగా కూర్చొనేవారుగా ఉండాలి. ఎనిమిది మంది అతిథులలో ఇద్దరు వారే ఎందుకు కాకూడదు?

తోలుబొమ్మల వారు ఏ కథ ఆడాలని అడిగితే, విరాటపర్వం ఆడమనండి. అది ఆడితే వాన వస్తుందని మా వైపు నమ్మకం. జనవరిలో వాన వస్తే మీ శనగ రైతులు తిడతారేమో, అది వేరే సంగతి.

చెరువుకట్ట:

అమ్మా, మీరు అన్నది నిజం. శాసనంలో వెయ్యి మంది అని లెక్క ఉంది గానీ వారిలో ఒక్కరి పేరూ లేదు. నా మాటను సవరించుకుంటున్నాను.

కలివిపొద:

మాది సిద్ధవటం వైపు, లంకమల కింద. గుట్ట గురించి ఒక అనుభవం చెబుతాను.

కలివికోడి అనే పిట్ట పేరు మీరు విని ఉంటారు. జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1848లో దాని గురించి రాశాడు. 1900 తరువాత ఎవరి కంటా పడకపోవడంతో ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1986లో మా దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. శాస్త్రజ్ఞులకు ఎనభై ఏళ్ళకు పైగా కనబడని పిట్టకు మా పల్లెల్లో పేరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. కలివి పొదల్లో తిరుగుతుంది గనుక కలివికోడి. దాని కోసం తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది. అది ఉండేది దట్టమైన అడవిలో కాదు, పచ్చని లోయలో కాదు. కలివి, పరికి, రేగు పొదలు, వాటి మధ్య అక్కడక్కడా బట్టనేల, మనం బీడు అని కొట్టిపారేసే చోటు. పొదలు నరికితే అది పోతుంది, పొదలు మరీ కమ్ముకున్నా పోతుంది. మేకలు ఆ సందులలో తిరుగుతూ ఉండటం వల్లనే ఆ నేల అలా నిలిచిందని మా కాపరులు అంటారు. మేకలు ఎక్కువైనా చేటేనని అటవీ శాఖవారు అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

మీ గుట్టలో ఆ పిట్ట ఉందని నేను అనడం లేదు. గుట్ట కింద ఖాళీగా కనబడిన జాగాను చదును చేయించి డేరాలు వేద్దామని మీ మిత్రులలో ఎవరైనా అంటే వద్దని చెప్పడానికి ఇదంతా రాశాను. గండికోటలో లోయ అంచున డేరాలు వెలసిన తరువాత పెన్న వైపు చరియల్లో నీళ్ళ సీసాలు, పలావు పొట్లాలు ఎంత పేరుకున్నాయో మీకు నా కంటే దగ్గర. అతిథులను ఊళ్ళోనే ఉంచండి. గుట్ట ఎక్కడానికి అటవీ హద్దు ఉంటే ముందుగా అనుమతి తీసుకోండి. తెల్లవారుజామున మేకల కాపరి వెంట నలుగురేసి పోయి, ఎండ ముదరకముందే దిగిరండి. కాపరికి ఆ రోజు కూలి ఇవ్వండి. ఆయన ఏ చెట్టు పేరు చెప్పినా పక్కనే దాని రుచి, దాని మందు, దాని మీద ఒక సామెత కూడా చెబుతాడు, మీ రచయితలకు పది రోజులకు అదే చాలు. జనవరి దాటితే బోద గడ్డి ఎండిపోయి ఉంటుంది గనుక సిగరెట్టు ఊళ్ళోనే ఆర్పి పోవాలి. ఫోకస్ లైట్లు, మైకులు గుట్ట వైపు తిప్పవద్దు.

పరువేట:

నేను ఆళ్ళగడ్డవాణ్ణి. అహోబిలం నరసింహస్వామి పరువేట గురించి ఇక్కడ ఎవరూ అనలేదు గనుక చెబుతున్నాను. చెంచులక్ష్మిని పెళ్ళాడబోతున్న స్వామి తన పెళ్ళికి రమ్మని పిలవడానికి కనుమనాడు కొండ దిగి, నలభై రోజులకు పైగా పల్లకిలో ముప్పైకి మించిన ఊళ్ళు తిరుగుతాడు. స్వామి వచ్చిన రోజే ఆ ఊరికి పండుగ, అల్లుళ్ళు కూడా ఆ రోజుకే వస్తారు. ఏ ఊరిలో పల్లకి ఎక్కడ దించాలో, ఎవరు మోయాలో అనాదిగా ఏర్పాటు ఉంది.

మనుషులు కొండకు పోవడమే కాక కొండ మీది దేవుడు మనుషుల వాకిలికి వచ్చే వాడుక మన సీమలో ఉన్నది. మీరు కూడా ఎనిమిది మందినీ తాతగారి మిద్దెలో పెట్టి, ఊరివారు వచ్చి చూడాలని అనుకోకండి. రోజుకొక వీధికి ఇద్దరేసి పోయి, ఆ వీధి అరుగు మీద కూర్చొని పని చేసుకోనివ్వండి. ఏ వీధీ మిగలకూడదు, ఆముదపు దీపంగారు చెప్పిన కుటుంబాలు ఉండే వీధి అసలే మిగలకూడదు. మిద్దె రాత్రి పడుకోవడానికి చాలు.

పాతకాపు:

నాయనా, అందరూ మంచి మాటలే చెప్పారు. నాకు ఒకటే సందేహం. పది రోజులు పోయిన తరువాత పదకొండో రోజు ఏమిటి? మా ఊళ్ళో కోలాటం నేర్పడానికి వచ్చిన గురువు మండలం రోజులు ఉండి, పిల్లలు తప్పు లేకుండా అడుగు వేసేదాకా కదలలేదు. మీవాళ్ళు ఏం నేర్పుతారు, ఏం నేర్చుకుంటారు?

ఎర్రమలల నీడ:

పాతకాపుగారి ప్రశ్న చదివి నేను కొంచెం సిగ్గుపడ్డాను. ఆ ప్రశ్నను పోయిన శనివారం భజన గుడిలో అందరి ముందూ చదివి వినిపించాను. మూడు గంటలు మాట్లాడుకున్నాక తేలినవి రాస్తున్నాను.

అతిథులు ఎనిమిది మంది కాదు, ఆరుగురు. అందులో ఇద్దరు మా మండలంలోని ఉరుముల కళాకారులు. వారికీ, బయటినుంచి వచ్చే నలుగురికీ రోజుకు ఒకే మొత్తం ఇస్తాము. ఒక రాత్రి తోలుబొమ్మలాట ఉంటుంది, బయానా పంపించాము. మొదటి మూడు రోజులు భజన గుడి మిద్దె కారకుండా పైన చౌడు మన్ను పోసే పని. ఆ పనికి అన్ని వీధులవారూ వస్తారు, మిద్దె ఎక్కుతారు. ఈ మాట దగ్గర ఇద్దరు పెద్దలు లేచి వెళ్ళిపోయారు, దాచకుండా చెబుతున్నాను. వారిలో ఒకరు మరునాడు పొద్దున మా ఇంటికి వచ్చి, చౌడు ఏ గుంతలోది మంచిదో తమకు తప్ప ఇంకెవరికీ తెలియదని చెప్పి కాఫీ తాగి వెళ్ళారు. దానిని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇంకా తెలియడం లేదు గానీ బండి మాత్రం వారిదే వస్తున్నది.

డేరాలు లేవు, గుట్ట కింద మంట లేదు. గవిని నేను ఉదయం పూట పోయి చూశాను. పేర్లు రాసిన చోటికి మూరెడు పైన ఎర్రని మరక ఒకటి ఉంది. అది ఎద్దు మూపురంలాగా నాకు కనిపించింది, మా చెల్లెలికి కనిపించలేదు. ఫోటోలతో ఉత్తరం రాశాను, జవాబు వచ్చేదాకా అక్కడికి ఎవరినీ తీసుకుపోము. పేర్లు రాసిన పిల్లలలో ఇద్దరు ఇప్పుడు తొమ్మిదో తరగతి. గవికి కాపలా మేము ఉంటామని వాళ్ళే అన్నారు.

గుండు సంగతి మా పెద్దమ్మ తేల్చింది. నెమలి రంగు రెండు ఎండాకాలాలకే పొక్కులు లేచి రాలుతున్నది గనుక దానిని అలాగే వదిలేయమని, జాతరకు పసుపు ఎప్పటిలాగా దాని మీదనే పూస్తామని చెప్పింది.

పదకొండో రోజుకు ఒక్క ఏర్పాటు మాత్రం కుదిరింది. ఉరుముల కళాకారులలో ఒకరు ఆ తరువాత కూడా నెలకు రెండు ఆదివారాలు వచ్చి, నేర్చుకుంటామన్న పిల్లలకు నేర్పుతారు. ఇప్పటికి ఏడుగురు పేర్లు ఇచ్చారు, ఇద్దరు ఆడపిల్లలు.

ఇక చివరి సందేహం. చౌడు పోసి ఇరవై ఏళ్ళు దాటింది, కొలత గట్టిగా చెప్పేవారు దొరకడం లేదు. పాత మన్ను తీసివేయాలా, దాని మీదనే పోయాలా?

చెరువుకట్ట:

పాత మన్ను పూర్తిగా తీయవద్దు, దంతెల (కప్పు మోసే కర్రల) మీది పొరలు కదిలితే కారుడు ఎక్కువవుతుంది. మొలిచిన గడ్డిని వేళ్ళతో సహా పెరికి, పగుళ్ళు ఉన్నచోట మాత్రం తవ్వి చూడండి. చెద పట్టిన దంతె ఉంటే ముందు అది మార్చాలి. మా ఇంట్లో కొత్త చౌడు నాలుగు వేళ్ళ మందం పోసేవాళ్ళం. గడ్డలు లేకుండా పొడిగా చేసి, నీళ్ళు పోయే దోనె వైపు కొంచెం వాలు ఉండేటట్టు సర్ది, కొద్దిగా తడి చల్లి దిమ్మిసతో కొట్టేవాళ్ళం. గవాచి చుట్టూ రెండు వేళ్ళు ఎత్తుగా గట్టు పెట్టండి, మీకు కారుతున్నది అక్కడేనని రాశారు కదా. పనికి నేను కూడా వస్తాను. పోరుమామిళ్ళ నుంచి పొద్దున మొదటి బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి మీ ఊరు చేరుకోవచ్చునా?